ఇరవై మూడో నిమిషం

తేదీ: ఏప్రిల్ పద్నాలుగు, ఆదివారం. సమయం: ఉదయం తొమ్మిదిన్నర. స్థలం: టైర్ల దుకాణం మీద రెండో అంతస్తులో, ఒకప్పుడు టైపు నేర్పిన పొడుగాటి గది. ఇప్పుడది జెన్ సాధన గది. హాజరైనవారు ఐదుగురు: గదికి గురువైన డ్రైవరమ్మ, గది వ్యవహారాలు చూసే నోటరీ, అతని మేనకోడలూ సాధనలో గంట కొట్టే బాధ్యత వహించేదీ అయిన చెవులమ్మ, సాధకుడైన ప్లంబరు, ఈ మెట్లు ఎన్నడూ ఎక్కని, ఇవాళే మొదటిసారి ఎక్కిన లెక్కల టీచరు. రావలసి ఉండి రాలేనివాడు ఒక్కడు. టీచరు భర్త, పుస్తకాల బైండరు.

అతడు రాలేని కారణం ఇది. మూడు వారాల క్రితం, మార్చి ఇరవై నాలుగున, పది గంటలకు మొదలైన రెండో విడత సాధనలో ఎనిమిది మంది గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నలభై నిమిషాలకు గంట మోగింది. ఏడుగురు లేచారు. బైండరు లేవలేదు. గోడకు ఆనుకుని, ఒక పక్కకు ఒరిగి, తెరిచిన కళ్ళతో ఉండిపోయాడు. ప్రాణం దక్కింది. పుస్తకాల వెన్నుమీద బంగారు అక్షరాలు అద్దే కుడి చెయ్యి మాత్రం పడిపోయింది, మాట పోయింది. ఎదుటివారు అనేదంతా అర్థమవుతుందని వైద్యులు చెప్పారు. ఇంకొంత ముందు తీసుకువచ్చి ఉంటే మేలు జరిగేదా అన్న ప్రశ్నకు, జరిగి ఉండవచ్చు, లేకపోనూవచ్చు అన్నారు. ఆ రెండు ముక్కల మధ్య లెక్కల టీచరు మూడు వారాలుగా బతుకుతోంది.

గదికి అనుమతినిచ్చిన నగర కార్యాలయం సంజాయిషీ కోరింది. నోటరీ దాన్ని స్వయంగా రాశాడు, మూడుసార్లు దిద్దాడు, ఐదుగురి చేత సంతకాలు పెట్టించాడు. ఇక మిగిలినవి రెండే: చెవులమ్మది, డ్రైవరమ్మది. ఆ రెండూ పడేముందు బైండరు భార్యకు ఒకసారి చూపించడం మర్యాదగా ఉంటుందని అతడే ఆమెకు కబురు పెట్టాడు. మర్యాద వెనక ఒక ఆశ కూడా ఉంది. ఆమె వేరే ఫిర్యాదు రాయకుండా ఉంటుందని.

టీచరు చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. చూపించిన మెత్తమీద కూర్చోలేదు. కిటికీ కింద కుర్చీ ఒకటి ఉంటే దాన్ని తనే లాక్కుని కూర్చుంది. సంచీలోంచి కళ్ళజోడు, ఎర్ర కలం తీసింది. కాగితాన్ని పరీక్ష పేపరు చదివినట్టు చదివింది. మొదటి పేరా పక్కన చిన్న టిక్కు పెట్టింది. రెండో పేరా దగ్గర కలం ఆగింది.

"‘సదరు సమయంలో గదిలో ఉన్నవారెవరికీ ఎటువంటి అసాధారణమైన శబ్దమూ వినిపించలేదు.’ ఇది ఎవరి వాక్యం?"

"నాదేనమ్మా," అన్నాడు నోటరీ, కొంత గర్వంగానే.

"ఆయన పక్కన కూర్చున్నదెవరు?"

ప్లంబరు బడిలో నిలబెట్టినట్టు లేచి నిలబడ్డాడు. "నేనండీ. ఎడమ పక్క."

"మీకేమీ వినపడలేదా?"

"అంటే, గురక వినపడిందండి. ఆయనకి అలవాటే కదా. ఆదివారం ఆయన గురక పెట్టకపోతే మాకెవరికీ నిద్..." అని నాలుక కరుచుకున్నాడు. "అంటే, మాకు తోచదండి."

"గురక వినిపించింది. కాగితంలో ఏ శబ్దమూ వినిపించలేదని ఉంది."

"అసాధారణమైన శబ్దం అని ఉందమ్మా," అని నోటరీ వేలు చూపించాడు. "గురక సాధారణం. ఆ విశేషణం నేను ఊరికే వేయలేదు. ఒక మధ్యాహ్నమంతా ఆలోచించి వేశాను."

"మా తొమ్మిదో తరగతి వాడొకడున్నాడు. జవాబు తెలియనప్పుడు వాడూ ఇలాగే రాస్తాడు," అంది టీచరు. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "తరగతిలో ఒక పిల్ల తల వాలిస్తే చాలు, నలభై మంది ఒక్కసారి అరుస్తారు, టీచర్ టీచర్ అని. చెవులు పగిలిపోతాయి. వాళ్ళ నోళ్ళు మూయించడానికే నా జీవితమంతా పోయింది. ఇక్కడ పెద్దవాళ్ళు ఏడుగురు, బుద్ధిగా, బొమ్మల్లా... మా ఆయన ఇంటికొచ్చి చెప్పేవాడు, అక్కడ ఎంత హాయిగా ఉంటుందో తెలుసా అని. ఎంత హాయిగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది."

డ్రైవరమ్మ తన చాపమీద కూర్చుని వింటోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళు నగర బస్సు నడిపి, ఆ ఉద్యోగం పొడుగునా తెల్లవారుజామున ఒక వృద్ధ సన్యాసిని దగ్గర కూర్చుని, ఆమె తరువాత ఈ గదికి గురువైంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఆమె తల ఊపదు, కళ్ళు తిప్పదు. దారి మీద దృష్టి ఉన్నట్టే ఉంటుంది.

టీచరు చూపు చెవులమ్మ మీదికి మళ్ళింది. "మీరేనా గంట కొట్టేది?"

"నేనే."

"మీరు ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేస్తారట. మా ఆయన చెప్పేవాడు. పక్క గదిలో గుండుసూది కింద పడితే ఏ వైపు మొనతో పడిందో చెప్తుందని."

"అది పొగడ్తండి. అంత లేదు."

"అది గురకేనా?"

ఈ ప్రశ్న అడిగేవారు వస్తారని చెవులమ్మ మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. వస్తే ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. చెప్పకుండా ఎలా ఉండాలో మాత్రం చాలా ఆలోచించింది. ఆమె ఏమి పోగొట్టుకుంటుందో ఇక్కడ చెప్పవలసి ఉంది.

చప్పుడు చొరని చిన్న గదిలో ఇరవై ఏళ్ళుగా మనుషుల వినికిడి కొలిచే ఆ మనిషికి, పదకొండేళ్ళ క్రితం తన చెవుల్లోనే ఒక మోత మొదలైంది. సన్నగా, గుయ్‌మని, ఎండలో కరెంటు తీగ పాడినట్టు. మందు లేదన్నారు. నిద్ర పోయింది, నవ్వు పోయింది, దాదాపు కుదిరిన ఒక పెళ్ళి సంబంధం కూడా తప్పిపోయింది. ఎనిమిదేళ్ళ క్రితం ఈ నోటరీ మామయ్యే చెయ్యి పట్టుకుని ఈ మెట్లెక్కించాడు. మోతను తోలెయ్యకు, దానికీ ఒక చాప వెయ్యి అన్న డ్రైవరమ్మ మొదటి మాట ఆమెను నిలబెట్టింది. ఊపిరి ఒకటి నుంచి పది దాకా లెక్కించడం, లెక్క తప్పితే మళ్ళీ ఒకటి. అంతకుమించి ఇక్కడ నేర్పేదేమీ లేదు. ఆ ఒకటి నుంచి పది మధ్యలో ఆమె తిరిగి మనిషైంది. ఈ గది మూతపడితే తను ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె భయం గది గురించి మాత్రమే కాదు.

"అమ్మడూ," అన్నాడు నోటరీ మెల్లగా. "ఆలోచించి చెప్పు. నువ్వు చెప్పేది నీ ఉద్యోగానికి కూడా తగులుతుంది. వినడమే వృత్తి అయినవాళ్ళు విని కూడా..." వాక్యం పూర్తి చెయ్యలేదు.

"గురక కాదు మామయ్యా," అంది చెవులమ్మ.

తరువాత టీచరు వైపు తిరిగి, ఆస్పత్రిలో ఫలితం చదివే గొంతుతో, తొందర లేకుండా చెప్పింది.

"ఆయన గురక ముక్కులోంచి వస్తుందండి. లోపలికి పీల్చేటప్పుడు. ఆ రోజు వచ్చింది ఊపిరి వదిలేటప్పుడు. ఒక చెంప మాత్రమే ఉబ్బి, పెదవి ఒక పక్కనుంచి గాలి బుస్సుమని పోయింది. రెండో పక్క చప్పుడు లేదు. నా ఎదురుగా గడియారం ఉంది. పది ఇరవై మూడు. చప్పుడు వింటే టైము చూడటం నాకు అలవాటు, చూడకుండా ఉండలేను. అది ఇరవై మూడో నిమిషం. గంట కొట్టింది నలభైకి."

"పదిహేడు," అంది టీచరు. తీసివేత ఆమె నోటినుంచి తనంతట తనే వచ్చింది.

"పదిహేడు."

ప్లంబరు మళ్ళీ కూర్చున్నాడు. నోటరీ తన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడవసాగాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"గంట కొట్టేవాళ్ళకి మధ్యలో లేచే హక్కు ఉందా?" అని టీచరు అడిగింది.

"ఉంది. ఈ గదిలో ఆ హక్కు ఉన్నది నాకు ఒక్కదానికే."

"మరెందుకు లేవలేదు?"

ఇన్నాళ్ళూ చెవులమ్మ దాచింది ఆ చప్పుడును కాదు. చప్పుడు వినడం తప్పు కాదు, పోల్చుకోలేకపోవడమూ క్షమించదగినదే. దాచింది వేరే.

"ఆ చప్పుడు విన్నప్పుడు ఇది వేరే అనిపించింది. ఒక్క క్షణం. లేవబోయాను కూడా. మోకాలు కదిలింది. అప్పుడే నా చెవుల్లో మోత ఆగిపోయింది."

"ఏం మోత?"

చెప్పింది. పదకొండేళ్ళ సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పింది.

"మొదటిసారి ఆగింది. పూర్తిగా. గది ఇంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. కింద వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు. ఆ చప్పుడు చుట్టూ ఎంత ఖాళీ ఉందో! నేను కదిలితే అది పోతుందేమో అనుకున్నాను. మీ ఆయన ఊపిరి కూడా వినిపిస్తూనే ఉంది. శబ్దం వచ్చింది, పోనీ; వచ్చింది, పోనీ. ఇన్నేళ్ళుగా మేం నేర్చుకున్నది అదే కదా. చాలా బాగా చేశాను. ఆ పదిహేడు నిమిషాలు, నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. అందుకే లేవలేదు."

వీధిలో పాలవ్యాను ఒకటి వెనక్కి వెళ్తూ పీప్ పీప్‌మని అరిచింది.

లెక్కల టీచరు కేకలు వేస్తుందని ప్లంబరు అనుకున్నాడు. ఏడుస్తుందని నోటరీ అనుకున్నాడు. ఆమె ఎర్ర కలానికి మూత పెట్టింది.

"ఇప్పుడు ఉందా ఆ మోత?"

"ఉంది. గంట కొట్టగానే వచ్చేసింది."

"మంచిది," అంది టీచరు. ఆ మాటలో కసి ఎంత, ఊరట ఎంత అన్నది ఆమెకే తెలియదు.

చెవులమ్మ చాప మీది గురువు వైపు తిరిగింది. "అమ్మా, అది అబద్ధమా? ఆ శాంతి?"

డ్రైవరమ్మ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది. "అబద్ధమెందుకవుతుంది తల్లీ? నిజమే. బస్సు బ్రహ్మాండంగా పోతోంది. ఇంజను చప్పుడు లేదు, రోడ్డు నున్నగా ఉంది, గాలి హాయిగా ఉంది. స్టాపులో ఒకాయన చెయ్యెత్తి నిలబడ్డాడు. నువ్వు ఆపలేదు. బస్సు బాగా నడవడం నిజం, ఆపకపోవడమూ నిజం. రెండోది చెప్పడానికి మొదటిదాన్ని తప్పుపట్టక్కర్లేదు. మొదటిది బాగుందని రెండోది ఒప్పయిపోదు."

"నేను మళ్ళీ ఆ చాపమీద ఎలా కూర్చోను?"

"పిర్రలతోనే. వేరే మార్గం నాకు తెలియదు." ప్లంబరు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. డ్రైవరమ్మ ముఖంలో మాత్రం నవ్వు లేదు. "ఇంకో మాట. చేసిన తప్పుని మెత్తమీద కూర్చోబెట్టి రోజూ దణ్ణాలు పెట్టకు. అదీ ఒక హాయే. దాని దగ్గరా మనిషి లేవకుండా కూర్చుండిపోతాడు."

అప్పుడు డ్రైవరమ్మ టీచరు వైపు తిరిగింది. గంటసేపట్లో ఆమె చూపు ఒక మనిషి మీద నిలవడం అదే మొదలు.

"అమ్మా, నేనూ విన్నాను. నాకు ఈ పిల్లకున్నంత చెవి లేదు, నిద్రే అనుకున్నాను. కానీ కునుకు తీసేవాళ్ళని లేపొద్దని ఈ గదిలో రూలు పెట్టింది నేను. అలిసిపోయి వస్తారు, పోనీలే అని పెట్టాను. మీ ఆయన కోసమే పెట్టాను నిజానికి. అందరూ ఏటా మెచ్చుకునేవాళ్ళు, ఎంత దయగల రూలో అని. ఆ రూలు లేకపోతే ఈ ప్లంబరు మోచేత్తో ఒక్క పోటు పొడిచేవాడు."

"గట్టిగానే పొడిచేవాణ్ణండి," అన్నాడు ప్లంబరు.

"ఇవాళ్టి నుంచి ఆ రూలు లేదు. ఎవరి ఊపిరి మారినా పక్కవాడు లేచి చూస్తాడు. నిద్రయితే నవ్వుకుంటాం, మళ్ళీ కూర్చుంటాం. సాధన చెడిపోతే చెడిపోయింది."

నోటరీ ఇక ఊరుకోలేకపోయాడు. "ఇవన్నీ మనలో మనం అనుకునే మాటలు. కాగితం సంగతేమిటి? ఎల్లుండి గడువు. ఈ మాటలు కాగితమెక్కితే గది మూసేస్తారు. ముప్ఫై ఏళ్ళ గది! అమ్మడూ, నీ మంచికే చెప్తున్నాను. ఆవిడ విన్నారు కదా, మనసు తేలికపడింది కదా. సంతకం పెట్టేసి..."

"మామయ్యా, తెల్లకాగితం ఒకటి ఇవ్వు."

"వద్దే."

"నీ సంచీలో ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది."

ఉంది. వృత్తిధర్మం అతణ్ణి మోసం చేసింది. కాగితమూ ఇచ్చాడు, కింద పెట్టుకోవడానికి అట్ట కూడా ఇచ్చాడు.

చెవులమ్మ గోడవారన, ఒకప్పుడు టైపు మిషన్లు నిలిచిన గుంటలు ఇంకా కనిపిస్తున్న బల్ల మీద రాసింది. చెవుల్లో మోత నిండుగా ఉంది, ఇంకెన్నడూ ఆగకపోవచ్చు. అది ఉండగానే అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి తిన్నగా నిలబడుతున్నాయి. ఇన్నేళ్ళ కూర్చోవడం దేనికోసమో ఎవరైనా ఆ క్షణంలో అడిగి ఉంటే ఆమె తడుముకోకుండా చెప్పేది: ఇది రాయగలగడానికి.

రాసినది ఇంతే:

‘మార్చి ఇరవై నాలుగున పది గంటలకు మొదలైన సాధనలో, పది ఇరవై మూడుకు బైండరుగారి ఊపిరి మారింది. ఊపిరి వదిలేటప్పుడు పెదవి ఒక పక్కనుంచి మాత్రమే గాలి పోతున్న చప్పుడు విన్నాను. అది ఆయన మామూలు గురక కాదని నాకు తెలిసింది. లేచే అధికారం నాకుంది. నలభై నిమిషాలు పూర్తయ్యేదాకా నేను లేవలేదు. ఆ పదిహేడు నిమిషాలు నేను సంతోషంగా ఉన్నాను.’

నోటరీ భుజం మీదుగా చదివాడు. "అన్నీ సరే. ఈ చివరి వాక్యమెందుకు? కార్యాలయం అది అడగలేదే!"

"నేను అడిగాను," అంది లెక్కల టీచరు. "ఎందుకు లేవలేదని. అది లేకపోతే జవాబుకి సగం మార్కులే."

చెవులమ్మ సంతకం పెట్టింది. దాని కింద డ్రైవరమ్మ, ‘లేపకూడదన్న నియమం నాది’ అని ఒక్క పంక్తి రాసి, గుండ్రటి పెద్ద అక్షరాలతో తన సంతకం చేసింది. కాగితం బల్లమీద ఉండిపోయింది. నోటరీ గది ఆ చివరికి వెళ్ళాడు, ఈ చివరికి వచ్చాడు. తను రాసిన సంజాయిషీని తీసి రెండో పేరా ఇంకోసారి చదువుకున్నాడు. దాన్ని సంచీలో వేసుకున్నాడు.

"సాక్షి లేదు," అన్నాడు గొంతు సవరించుకుని. "సాక్షి సంతకం లేని కాగితం నా కళ్ళముందు బయటికి పోవడానికి వీల్లేదు. నలభై ఏళ్ళలో పోలేదు." వంగి తనూ సంతకం చేశాడు, తేదీ వేశాడు, సిరా ఆరేదాకా ఊదాడు.

లెక్కల టీచరు కాగితం అందుకుంది. చదవలేదు.

"దీన్ని కార్యాలయానికి పంపాలో వద్దో నేనింకా అనుకోలేదు," అంది. "ఇది నాకంటే ముందు ఆయనది. రేపు పదింటికి ఆస్పత్రికి రండి. పక్కన కూర్చుని, ఇది మీరే ఆయనకు చదివి వినిపించాలి. చివరి వాక్యంతో సహా."

చెవులమ్మ తలెత్తింది. "వస్తాను. ఆయన మాట్లాడలేరు కదా. విన్నాక ఆయన ఏమనుకున్నారో మనకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది. నిన్న ఎడమ చేత్తో కలం పట్టుకున్నాడు. మొదటిసారి. గంటన్నర కష్టపడి ఒకే ఒక్క ముక్క రాశాడు." టీచరు లేచి చెప్పులు వేసుకుంది. "మీ గురించే. అందుకే గురకేనా అని మిమ్మల్నే అడిగాను. ఏం రాశాడో ఇప్పుడు చెప్పను. అది తెలిసి చదివితే మీ గొంతు మారిపోతుంది."

కాగితాన్ని సరిగ్గా సగానికి మడిచింది, మళ్ళీ సగానికి మడిచి గోటితో మడత నొక్కింది. సంచీ లోపలి అరలో పెట్టి జిప్పు చివరిదాకా లాగింది.